కట్టుబడి

మహానంది గుడిలో రుద్రగుండం మెట్ల మీద కూర్చున్నవాళ్లందరూ నీళ్లను చూస్తారు. చూడదగ్గ నీళ్లే. అడుగున పడ్డ రూపాయి బిళ్ల బొమ్మా బొరుసూ మెట్టు మీద నుంచే తెలిసిపోతుంది. పోయిన కార్తీకంలో నా పక్కన కూర్చున్న మనిషి మాత్రం నీళ్ల వైపు చూడలేదు. అరచేత్తో మెట్టు అంచు తడుముతున్నాడు. రాయికీ రాయికీ మధ్య గోరు దూర్చి చూశాడు. దూరలేదు. తల పంకించి, "ఏం కట్టుబడి సార్ ఇది! సున్నం కనపడదు, సందు కనపడదు. ఎన్ని వందల ఏండ్లాయనో, ఒక్క రాయి గూడ కదల్లేదు చూడు" అన్నాడు. ఆళ్లగడ్డ దగ్గర పల్లె. రాతిపని చేసే వడ్డె మేస్త్రి. గుళ్లో మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, దేవుడికి ఒక్క దండం పెట్టి, మిగతా పొద్దంతా గోడలు చూస్తూ గడిపేశాడు.

కట్టుబడి. ఆ మాట నాకు చాలాకాలంగా తెలుసు, కాని ఈ అర్థంలో కాదు. నేను చదువుకున్న కాగితాల్లో కట్టుబడి అంటే మనిషి. నడుముకు కత్తి, చేతిలో బరిసె ఉన్న మనిషి. ఆ మనిషి 1846లో ఏం చేశాడో చెప్పబోయే ముందు, మాటను కాస్త విప్పి చూడాలి.

తెలుగులో ‘కట్టు’ అన్నంత పని చేసే క్రియ మరొకటి లేదేమో. గొడ్డును గుంజకు కడతాం. ఇల్లు కడతాం. చీర కడతాం. తాళి కడతాం. పందెం కడతాం, కథ కడతాం, పుండుకు కట్టు కడతాం. అన్నిటికన్నా విచిత్రం, పన్ను కూడా కడతాం. సర్కారుకు డబ్బు ఇచ్చేటప్పుడు ‘ఇచ్చాం’ అనం, ‘కట్టాం’ అంటాం. ఆవు మెడలోని పలుపూ, కరెంటు బిల్లూ ఒకే క్రియకు వేలాడుతుంటాయి. ఇది ఎవరూ కావాలని చేసిన చమత్కారం కాదు గాని, పన్ను కట్టినవాడు దేనికో కట్టుబడ్డాడన్న సంగతి భాషకు మనకన్నా ముందే తెలిసినట్టుంది.

ఇక రెండో ముక్క, ‘బడి’. పిల్లలు పోయే బడి కాదు, అది వేరే మాట. ఇది ‘పడు’ నుంచి వచ్చిన ‘పడి’, ముందు మాటతో కలిసినప్పుడు పరుషం సరళమై ‘బడి’ అయింది. ఈ ‘బడి’తో ఏర్పడిన నామవాచకాలను ఒకచోట కూర్చుకుని చూడండి: సాగుబడి, దిగుబడి, రాబడి, పెట్టుబడి, చెల్లుబడి, ఏలుబడి, పలుకుబడి. పొలం దున్నడం దగ్గర మొదలై, పంట ఇంటికి చేరి, డబ్బుగా మారి, ఆ డబ్బు మళ్లీ పొలం మీదికి పోయి, దాని మీద ఒకడి మాట చెల్లి, వాడు ఏలి, వాడి పలుకుకు విలువ రావడం దాకా ఊరి అర్థశాస్త్రమంతా ఈ ఏడు మాటల్లో సరిపోయింది. పలుకుబడి అంటే మాట్లాడే తీరు అని ఒక అర్థం, మాట నెగ్గించుకునే బలం అని ఇంకో అర్థం. నంద్యాలలో పుట్టినవాడికి రెండో అర్థమే ముందు తోస్తుంది. ఈ వరసలో కట్టుబడి ఎనిమిదోది.

నిఘంటువులు దీనికి చాలా అర్థాలే ఇస్తాయి. కట్టడం ఒకటి, మేస్త్రి అన్నది అదే. నిర్ణయించిన ధర ఒకటి. కోస్తా జమీందారీ కాగితాల్లోనైతే కట్టుబడి అంటే ఇనాందారు ఏటా కట్టే నామమాత్రపు పన్ను. జోడి, కట్టుబడి అని జంటగా కనిపిస్తుంది. పక్కన తమిళంలో ‘కట్టుపడి ఆగాదు’ అంటే గిట్టుబాటు కాదు అని. అన్నిటిలోనూ ఒక సామాన్య భావం ఉంది: ఇంతకు ఇంత అని ముందే కుదుర్చుకున్నది. ఖాయం చేసుకున్నది. రాయికి రాయి ఖాయం, భూమికి పన్ను ఖాయం.

దత్తమండలాల్లో మాత్రం, అంటే నేటి కడప, కర్నూలు, నంద్యాల, అనంతపురం, అటు బళ్లారి వైపు, కట్టుబడి అన్న మాట మనిషికి అతుక్కుంది. ఊరికి కాపలా కాసేవాడు, పాలెగాడు పిలిస్తే ఆయుధం పట్టి పోయేవాడు, దానికి బదులుగా ఇంత భూమి అనుభవించేవాడు కట్టుబడి. భూమికి కొలువు, కొలువుకు భూమి. జీతం ఉండదు, సెలవు ఉండదు. తండ్రి పోతే కొడుకు. భూమి వాళ్లది కాదనడానికి లేదు, వాళ్లదే అనడానికీ లేదు.

ఆ మధ్య మా మేనమామ ఇంట్లో ట్రంకు పెట్టె సర్దుతుంటే పాత క్రయ దస్తావేజు ఒకటి బయటపడింది. స్టాంపు కాగితం మడతల దగ్గర పెళుసెక్కి, విప్పుతుంటేనే రాలుతోంది. చెక్కుబందీలో తూర్పున వాగు, దక్షిణాన బాట, పడమర ఎవరిదో పట్టా, ఉత్తరాన ‘కట్టుబడి మాన్యం’. మనిషి పేరు లేదు. మిగతా హద్దులన్నిటికీ పేర్లున్నాయి, చివరికి వాగుకు కూడా ఉంది. కట్టుబడికి మాత్రం కట్టుబడి అన్నదే పేరు. నా ఆసక్తి అక్కడ మొదలైంది.

1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తం చేశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్లు ఇక్కడే ఉండి, పాలెగాళ్ల కోటలు దించి, వాళ్లలో చాలామందిని పింఛనుదార్లను చేశాడు. రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టాలన్న రైత్వారీ పద్ధతికి ఇక్కడే పదును పెట్టాడు. మన్రోను ఈ సీమ మరిచిపోలేదు. మన్రోలయ్య అని పిల్లలకు పేర్లు పెట్టుకున్న ఊళ్లున్నాయి. ఆ మంచి పేరును నేను కాదనను. కాని పాలెగాడు పింఛనుదారు అయినప్పుడు అతని వెనక నడిచే కట్టుబడి ఏమయ్యాడన్న ప్రశ్న మిగిలిపోయింది. కొలువు చేయించుకునేవాడు పోయాడు, కొలువు భూమి మాత్రం ఉంది. కొత్త సర్కారు లెక్కల్లో అది పని లేనివాడికి ఇస్తున్న జీతంలా కనపడసాగింది.

అందుకు దొరికిన ఉపాయం కత్తితో పని లేనిది. కట్టుబడి చచ్చిపోయేదాకా ఆగడం. చచ్చిపోగానే ఇనాం రద్దు చేసి భూమి కలిపేసుకోవడం, వారసుడికి లేదనడం. 1840లలో కోయిలకుంట్ల తాలూకాలో, రుద్రవరం వంటి ఊళ్లలో జరిగింది ఇదే. తండ్రి శవం లేచిన ఇంటికి పదిరోజుల్లోనే భూమి పోయిందన్న కబురు వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అదే రోజుల్లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి ఇంకో గొడవ. నొస్సం పాలెగాళ్లకు చుట్టం. కంపెనీ ఇచ్చే పింఛను నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఇంత కచ్చితంగా అణా పైసలు గుర్తుంచుకున్న అవమానం మన చరిత్రలో ఇంకొకటి ఉందో లేదో. చుట్టాల్లో ఒకరు పోతే ఆగిన పింఛనులో తన వాటా కావాలని అడిగాడు, దక్కలేదు. అంటే చావును అడ్డం పెట్టుకుని కంపెనీ ఇద్దరినీ ఒకేలా కొట్టింది, పైవాడికి పింఛను, కిందివాడికి భూమి. దెబ్బ తిన్న పైవాడి గడపలోకి దెబ్బ తిన్న కిందివాళ్లు వచ్చి కూర్చున్నారు. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. ముందు నడిచినవాళ్లలో వడ్డె ఓబన్న ఒకడు. గిద్దలూరు దాకా, నల్లమల దాకా కంపెనీ పటాలాలు వెంటబడ్డాయి. అక్టోబరులో పేరుసోముల కొండ దగ్గర నరసింహారెడ్డి దొరికాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం చూస్తుండగా ఉరి తీశారు. తలను కోట గుమ్మానికి కట్టించి ఏళ్ల తరబడి అలాగే ఉంచారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. చూశారా, ‘కట్టు’ అక్కడ కూడా వచ్చింది.

రేనాటి పల్లెల్లో ఆయన మీద వీరగాథ పాడారు. 2019లో సినిమా వచ్చింది, 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. ఓబన్న జయంతిని ప్రభుత్వం జరుపుతోంది. అన్నీ న్యాయమే. నాకు పేచీ ఒక్కచోటే. సినిమాలో జనం దేశం కోసం లేస్తారు. కాగితాల్లో జనం చేను కోసం లేచారు. చేను కోసం లేవడం దేశం కోసం లేవడంకన్నా తక్కువ పని అని మనకు ఎవరు చెప్పారో తెలియదు గాని, గట్టిగానే నమ్మించారు. ఖజానా మీద పడిన వందలమందిలో మనకు మిగిలిన పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవి. మిగిలినవాళ్లు దస్తావేజులో ఉత్తరపు హద్దు మాదిరే, కట్టుబళ్లు.

ఈ మాట వెంట పడి తిరుగుతుంటే అనుకోకుండా థాయిలాండులో తేలాను.

2010 మార్చి నుంచి మే దాకా బాంకాక్ వీధుల్లో, ఏప్రిల్ నుంచి నగరం నడిబొడ్డున రాచప్రసోంగ్ అనే ఖరీదైన అంగళ్ల కూడలిలో, ఎర్ర చొక్కాల వాళ్లు మకాం వేశారు. ఎక్కువమంది ఉత్తరాది, ఈశాన్యపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు. వరి పండించేవాళ్లు, నగరంలో టాక్సీ తోలేవాళ్లు. తాము ఓట్లేసి గెలిపించిన తక్సిన్ ప్రభుత్వాన్ని 2006 సెప్టెంబరు 19న సైన్యం కూలదోసిందని వాళ్ల కోపం. 30 బాత్‌లకే ఆస్పత్రి వైద్యం, ఊరికి పది లక్షల బాత్‌ల నిధి ఇచ్చిన ప్రభుత్వం అది. ఎదుటి పక్షానిది పసుపు చొక్కా, రాజుగారి రంగు. రంగుల తగాదా మనకు కొత్తేమీ కాదు. కొత్తగా తోచింది వాళ్లు ఎంచుకున్న రెండు మాటలు. తమను తాము ‘ఫ్రాయ్’ అన్నారు. ఎదుటివాళ్లను ‘అమ్మాత్’ అన్నారు.

అమ్మాత్ వినగానే నవ్వొచ్చింది. మన అమాత్యుడే. తిక్కనామాత్యుడు, పోతనామాత్యుడు, బడిలో చదువుకున్న అమాత్యుడు. సంస్కృతంలో ‘అమా’ అంటే ఇంట్లో, దగ్గరగా, కలిసి అని. అమాత్యుడంటే రాజుగారి ఇంటివాడు. మంత్రి ఆలోచన చెప్పేవాడు, అమాత్యుడు పక్కన ఉండేవాడు. అంటే ఆ మాట పుట్టుకలోనే ఒక గడప ఉంది, దాని లోపలివాళ్లు వేరు, బయటివాళ్లు వేరు. మన పత్రికలు ఇప్పటికీ మంత్రులను ఎగతాళి చేయాలంటే ‘అమాత్యులు’ అంటాయి గాని, దానికి కత్తివాదర లేదు, తాంబూలపు వాసనే. థాయిలాండులో అదే మాట వీధిలో శాపనార్థమైంది. రాజుకు దగ్గరివాళ్లు, జడ్జీలు, సైన్యాధికారులు, ఎవరి ఓటూ అక్కర్లేకుండా ఏలుబడి చేసేవాళ్లు, అందరూ ఆ ఒక్క మాటలోకి వచ్చారు.

ఫ్రాయ్ వాళ్ల పాత మాట. అయుత్థయ రాజుల కాలంలో స్వతంత్రుడూ బానిసా కాని మధ్యవాడు ఫ్రాయ్. రాజుకు కట్టుబడ్డవాడు ఫ్రాయ్ లువాంగ్, ఒక ప్రభువుకు కట్టుబడ్డవాడు ఫ్రాయ్ సోమ్. ఏడాదిలో ఆరు నెలలు దొరకు వెట్టి చేయాలి, నెల అక్కడ, నెల ఇంట్లో. బాంకాక్ రాజుల కాలానికి అది నాలుగు నెలలై, మూడు నెలలైంది. ఎవరి మనిషో తప్పిపోకుండా మణికట్టు మీద పచ్చబొట్టు పొడిచేవాళ్లు. ఇది చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసేశాను. మన కట్టుబడికి కట్టు భూమిలో ఉంది, వాళ్లకు చర్మం మీదనే ఉంది.

దాని వెనకున్న పద్ధతి పేరు ‘సక్దినా’. సక్ది మన శక్తే. నా అంటే థాయిలో వరిమడి. మడిశక్తి అందాం. 15వ శతాబ్దంలో త్రైలోకనాథుడనే రాజు స్థిరపరిచాడని చెప్పే లెక్క ప్రకారం రాజ్యంలో ప్రతి ప్రాణికీ ఒక అంకె ఉంది. బానిసకు 5 రాయ్, ఫ్రాయ్‌కి 10 నుంచి 25, పెద్ద అమాత్యుడికి 10,000, ఉపరాజుకు లక్ష. 25 రాయ్ అంటే మన లెక్కలో సుమారు 10 ఎకరాలు. అంత భూమి నిజంగా చేతికి ఇచ్చారని కాదు, మనిషి విలువ అంత అని. నేరం చేస్తే జరిమానా కూడా ఆ అంకెను బట్టే. మనం మనిషి స్థాయిని కులంతో చెప్పుకున్నాం, వాళ్లు ఎకరాలతో చెప్పుకున్నారు. దస్తావేజులో పేరు లేని కట్టుబడికీ అంకె మాత్రమే ఉన్న ఫ్రాయ్‌కీ నాకు పెద్ద తేడా కనపడలేదు. చులాలోంగ్‌కోర్న్ రాజు వెట్టినీ బానిసత్వాన్నీ మెల్లమెల్లగా తీసేస్తూ వచ్చాడు, 1905 నాటికి చట్టంలో అవి లేవు. ఫ్రాయ్ పోయాడు, మాట మిగిలింది, అలగాజనం అనే తిట్టుగా.

వందేళ్ల తర్వాత ఆ తిట్టును జనం ఎర్ర చొక్కా మీద అచ్చు వేయించుకుని వీధిలోకి వచ్చారు. ఔను, మేం ఫ్రాయ్‌లమే, అయితే ఏంటి అన్నట్టు. వేదికల మీద ఆ మాటను బాగా మోగించినవాడు నత్తవుత్ సాయ్‌కువా అనే వక్త. మే 19న సైన్యం ఆ మకాంను ఎత్తేసింది. ఆ రెండు నెలల్లో 90 మందికి పైగా చనిపోయారు. 2012లో నత్తవుత్ వ్యవసాయ శాఖకు ఉపమంత్రి అయ్యాడు, అంటే నిఘంటువు ప్రకారం అమాత్యుడే. ఇక తక్సిన్ సంగతి సరేసరి. ఫ్రాయ్‌ల ఆశంతా ఎవరి మీదనో ఆయన టెలిఫోన్ వ్యాపారంలో కోట్లకు పడగలెత్తినవాడు. ఇదేం విడ్డూరం అనిపించినప్పుడు కోయిలకుంట్ల గుర్తొచ్చింది. భూమి పోయిన కట్టుబడి కూడా పింఛను పోయిన పాలెగాడి గడపకే వెళ్లాడు కదా. దిక్కులేనివాడికి తన కోపం మోయడానికి ఒక భుజం కావాలి. ఆ భుజం తన ఎత్తులో దొరకదు.

ఈ థాయి మాటల వెనక ఒక పదశోధకుడు ఉన్నాడని తెలిసినప్పుడు మాత్రం వృత్తిపరంగా కాస్త గర్వపడ్డాను. జిత్ ఫూమిసక్. భాషా చరిత్రకారుడు, ‘సయామ్’, ‘థాయ్’, ‘లావో’, ‘ఖోమ్’ అన్న నాలుగు మాటల పుట్టుక మీద ఒక లావుపాటి పుస్తకమే రాసినవాడు. 1957లో తన దేశపు సక్దినా అసలు ముఖం ఇదీ అంటూ ఒక గ్రంథం ప్రచురించాడు. దాని మీద తన పేరు వేసుకోలేదు. వేసుకున్న మారుపేరు థాయి ఉచ్చారణలో గుర్తుపట్టలేం గాని, అక్షరాలు విప్పితే ‘సమసమయ శ్రీశూద్రవర్ణ’ అన్నట్టుంటుంది. శూద్రవర్ణానికి ముందు శ్రీ! ఒక్క అక్షరంతో నాలుగు వర్ణాల మెట్లు తిరగేశాడు. జైలుకు పోయి, తర్వాత అడవికి పోయి, 1966 మేలో సకోన్ నఖోన్ దగ్గర పల్లెలో తుపాకి గుండుకు పోయాడు.

తిట్టును చొక్కా చేసుకోవడం ఒక దారి. తిట్టును విడిచేయడం ఇంకో దారి. ఆ రెండో దారి నడిచింది మా నంద్యాలే. నిజాం ఇచ్చేశాడు కాబట్టి ఈ సీమను ‘దత్తమండలాలు’ అన్నారు. దత్తం అంటే ఇచ్చేసినది. వస్తువును ఇస్తారు, పశువును ఇస్తారు. మనుషులున్న నేలకు 128 ఏళ్లు అదే పేరు నడిచింది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లో, ఇక ఈ పేరు వద్దు, రాయలసీమ అందాం అని చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించారు. ఆయన కూడా పదశోధకుడే, ఆంధ్రభాషా చరిత్ర రాసినవాడే. ఉద్యోగం చేసిందేమో అనంతపురంలో, సాక్షాత్తు దత్తమండల కళాశాలలో. రోజూ ఆ బోర్డు కింద నుంచి నడిచి వెళ్లే మనిషికి ఆ మాట ఎంత గుచ్చుకుని ఉంటుందో. ఆయన సీమకు రాజుగారి పేరు పెట్టారు, జిత్ తనకు శూద్రుడి పేరు పెట్టుకున్నాడు. ఏది మెరుగన్న తీర్పు నేనివ్వను. కాని రాయలవారి పేరుతో మేం గొప్పగా ఫీలయినంత కాలం, కట్టుబడి పేరు అడిగే పని పడలేదన్నది నిజం.

ఫ్రాయ్ సోమ్ అంటే ఎవరో మాకు అర్థం చేయించడానికి చరిత్ర పుస్తకం అక్కర్లేదు. ఇక్కడ ఎవరినైనా పరిచయం చేసేటప్పుడు "వాడు ఫలానా ఆయన మనిషి" అంటారు. కొడుకు కాదు, తమ్ముడు కాదు, జీతగాడు కూడా కాదు. మనిషి. షష్ఠీ విభక్తి లేకుండా ఆ మాటకు నిండుదనం రాదు. ఉట్టి మనిషి అంటే ఎవరికీ లెక్కలేదు, ‘వాళ్ల మనిషి’ అయితే పోలీసుస్టేషనులో కుర్చీ వేస్తారు. పచ్చబొట్టు అవసరం లేకుండానే ఊరందరికీ తెలుసు ఎవరు ఎవరి మనిషో. ముఠా తగాదాల కాలంలో చచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇలాంటి ‘మనుషులే’. పత్రికల్లో వాళ్లకూ పేరుండేది కాదు, ‘అనుచరుడు’ అని రాసేవాళ్లు.

కట్టుబడి అన్న మనిషిని తీసేయడానికి ఆ తర్వాత తిరుగుబాటు కూడా అవసరం లేకపోయింది. 1858లో ఇనాం కమిషను వచ్చి మాన్యాల జాతకాలు తిరగేసింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది, కాపలాకు కానిస్టేబులు వచ్చాడు, నెల జీతంతో, బెల్టుతో. కోయిలకుంట్ల కడప నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసింది. కట్టుబడి కొలువు కాస్తా కథలోకి పోయింది.

మాట మాత్రం పోలేదు. వేషం మార్చింది. ఇప్పుడు మనం రోజూ వినేది నామవాచకం కాదు, ‘కట్టుబడు’ క్రియ నుంచి వచ్చిన అసమాపకం: కట్టుబడి ఉన్నాం. ఇచ్చిన హామీకి కట్టుబడి ఉన్నాం, రైతు సంక్షేమానికి కట్టుబడి ఉన్నాం, సీమ అభివృద్ధికి కట్టుబడి ఉన్నాం. టీవీ పెట్టిన అరగంటలో ఒక్కసారైనా వినపడకపోతే టీవీ పాడైందనుకోవాలి. ఒకప్పుడు కిందివాడు పైవాడికి కట్టుబడితే, ఇప్పుడు పైవాడు కిందివాడికి కట్టుబడి ఉన్నాడు, మాట వరకు. పాత కట్టుబడిలో రెండు వైపులా ఖాయం ఉండేది, ఇంత కొలువుకు ఇంత భూమి. కొత్త కట్టుబడిలో ఎంతకు ఎంత అన్న భాగం ఎగిరిపోయింది.

దీనికి పాత సాక్ష్యం శ్రీబాగ్ ఒడంబడిక. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, సీమ పెద్దలు కూర్చుని రాసుకున్నది. కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకు ముందు వాటా అన్నారు. ‘ఒడంబడిక’లో కూడా పడు ఉంది, గమనించారా. దానికి ఎవరు ఎంత కట్టుబడ్డారో కుందూ ఒడ్డున నిలబడితే తెలుస్తుంది. 2016 మే 31న నంద్యాల చుట్టుపక్కల రైతులు వేల మంది, కృష్ణ మీద సిద్ధేశ్వరం దగ్గర అలుగు కట్టమని అడిగి అడిగి, ఇక మేమే శంకుస్థాపన చేసుకుంటామని ట్రాక్టర్లు ఎక్కి బయల్దేరారు. పోలీసులు దారులు కాశారు. అడ్డం తప్పించుకుని పోయినవాళ్లు పోయి రాయి వేసి వచ్చారు. ప్రభుత్వాలు చేయాల్సిన కట్టుబడి పనికి రైతులు రాయి మోసుకుపోవడం నాకు తెలిసి ఈ మాట చరిత్రలో అదే మొదలు.

ఇన్నాళ్లూ ‘పడు’ను తక్కువ అంచనా వేశానని ఇప్పుడు అనిపిస్తుంది. వ్యాకరణంలో అది దెబ్బలు తినే క్రియ. భయపడు, కష్టపడు, బాధపడు, లోబడు, కట్టుబడు. కర్మణి ప్రయోగానికి వాడుకుని చేతులు దులుపుకున్నాం: కొట్టబడెను, చంపబడెను. కాని అదే క్రియను పక్కకు తిప్పితే నిలబడు, కలబడు, ఎగబడు, తెగబడు, తిరగబడు. దీని తోబుట్టువు ‘పాటు’ కూడా అంతే, కట్టుబాటు, తిరుగుబాటు. తెలుగువాడు ఎదిరించేది కూడా చాలాసార్లు ఈ ‘పడు’లోనే. 1846 జూలైలో కట్టుబళ్లు తిరగబడ్డారు అని రాస్తే వాక్యంలో రెండుసార్లు పడతాం. వాళ్లు తిరగబడింది కట్టి వేసినందుకు కాదు, కట్టు తెంచినందుకు. చరిత్ర రాసేవాళ్లు తరచు తారుమారు చేసేది ఇక్కడే.

రుద్రగుండం దగ్గర మేస్త్రితో ఇదంతా చెప్పలేదు. ఓబన్న సంగతి మాత్రం ఎత్తాను. "మావాడే సార్" అన్నాడు, ముఖం వెలిగింది. "మరి ఆయనతో పోయిన కట్టుబళ్లు?" అంటే, "కట్టుబడి అంటే రాతిపని సార్, మనుషులేంది" అని నవ్వాడు.

మొన్న సంక్రాంతికి మా మేనమామ దస్తావేజు జేబులో పెట్టుకుని ఆ ఉత్తరపు హద్దు చూడ్డానికి పోయాను. వాగు ఉంది, బాట తారురోడ్డయింది. హద్దు దగ్గర అరటి తోట. ఒక నడివయసు మనిషి మోకాళ్ల దాకా పంచె ఎగగట్టి, పార భుజాన వేసుకుని కాలవ గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఈ చేను పేరేంటని అడిగాను.

"కట్టుబడోళ్ల చేను అంటారు సార్."

"కట్టుబడోళ్లు ఎవరు?"

"ఏమో సార్. మా తాత నాటి నుంచి అట్లనే అంటారు. ఆ పేరుగలోళ్లు మా ఊర్లో ఎవరూ లేరు."

"చేను మీదేనా?"

"మాదేడ సార్. గుత్తకు చేస్తాండ. ఆయప్ప కర్నూల్లో ఉంటాడు."

కాగితం ఏమైనా రాసుకున్నారా అన్నాను. పోయినేడు గాలికి అరటి పడిపోతే నష్టపరిహారం భూమి ఉన్నాయనకే వచ్చిందట, కాగితం లేదు కాబట్టి. అయినా ఈ ఏడూ రాసుకోలేదు.

"నోటిమాటే సార్. మాటకు కట్టుబడి ఉండాల గదా" అని, పారతో గట్టు తెంచి నీళ్లు అవతలి మడికి తిప్పాడు.